సిమ్యులేషన్ ప్యాకేజీ: పిప్పా, కొండానా, కంటైనరా, సోర్సా?

పైథాన్‌తో వాడే ఏ సిమ్యులేషన్ ప్యాకేజీ ఇన్‌స్టలేషన్ పేజీ తెరిచినా మూడు నాలుగు దారులు వరసగా రాసి ఉంటాయి. పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు దింపే ఇన్‌స్టాలర్) అయితే ఇలా, కొండాతో (పైథాన్ కాని లైబ్రరీలనీ తెచ్చే ఇన్‌స్టాలర్) అయితే ఇలా, డాకర్ ఇమేజ్ (అన్నీ అమర్చి ప్యాక్ చేసిన కంటైనర్) ఇదిగో, సోర్స్ (మనమే కట్టుకునే మూల కోడ్) కావాలంటే అక్కడ అని. మనకి ఏది సరిపోతుందో మాత్రం ఆ పేజీ చెప్పదు. దాంతో చాలామంది మొదటి కమాండ్ కొట్టి, ఎర్రర్ వస్తే రెండోది, అదీ కుదరకపోతే మూడోది, అన్నీ ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక ప్రాజెక్టు ప్యాకేజీలు విడిగా ఉండే చోటు) కొట్టుకుంటూ పోతారు. చివరికి ఏ లైబ్రరీ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేని పరిస్థితి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ దారి అన్నది తేల్చేది ప్యాకేజీ పేరు కన్నా దాని అడుగున ఉన్న, పైథాన్ కాని సరంజామా. అలాగే కమాండ్ ఎర్రర్ లేకుండా ముగిస్తే పని సగమే అయినట్టు. జవాబు ముందే తెలిసిన ఒక లెక్క చేయించి, ఆ జవాబు వచ్చాకే మిగతా సగం.

## ముందు తేల్చుకోవాల్సినవి

అడుగున ఏముంది? సింపై (సంఘటనల వరసని సిమ్యులేట్ చేసేది) లాంటిది మొత్తం పైథాన్‌లోనే రాసింది, ఎక్కడైనా ఇట్టే పడుతుంది. క్యూటిప్ (క్వాంటం వ్యవస్థలకి), కాంటెరా (రసాయన చర్యలకి) లాంటి వాటిలో కంపైల్ చేయాల్సిన కోడ్ ఉంటుంది కానీ, వీల్స్ (ముందే కంపైల్ చేసి పెట్టిన ప్యాకేజీ ఫైళ్లు) సిద్ధంగా దొరుకుతాయి. ఫీనిక్స్‌ఎక్స్ (ఫైనైట్ ఎలిమెంట్ ప్యాకేజీ) కథ వేరు. దాని కింద ఎంపీఐ (ప్రాసెస్‌ల మధ్య సందేశాలు నడిపేది), పెట్సీ (సమీకరణాలు సాధించేది), హెచ్‌డీఎఫ్5 (డేటా ఫైళ్లు రాసేది) లాంటివి ఒకదానికొకటి పొసిగేలా కూర్చుని ఉండాలి. ఈ మూడు రకాల్లో మీది ఏదో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఎక్కడ నడుస్తుంది? సొంత ల్యాప్‌టాప్‌లో ఏదైనా చెల్లుతుంది. క్లస్టర్‌లో (చాలా మెషిన్లని కలిపిన ఉమ్మడి వ్యవస్థ) మీకు సుడో (అడ్మిన్ హక్కు) ఉండదు, డాకర్ మామూలుగా ఉండదు, ఆపరేటింగ్ సిస్టమ్ ఏళ్ల కిందటిది అయి ఉంటుంది.

జీపీయూ గానీ, ఒకటికి మించిన నోడ్‌లు (క్లస్టర్‌లోని ఒక్కో మెషిన్) గానీ కావాలా? కావాలంటే డ్రైవర్, ఎంపీఐ రెండూ లెక్కలోకి వస్తాయి.

ఇదే సెటప్ ఇంకెవరు, ఎప్పుడు నడపాలి? పేపర్‌కి రివ్యూయర్ల వ్యాఖ్యలు వచ్చేసరికి నెలలు గడుస్తాయి. అప్పుడు అదే గ్రాఫ్ మళ్లీ తీయగలగాలి.

ప్యాకేజీ కోడ్‌లో మీరు చెయ్యి పెడతారా? పెట్టేవాళ్లకి దారి ఒక్కటే, సోర్స్.

| | పిప్ / యూవీ | కొండా-ఫోర్జ్ | కంటైనర్ | సోర్స్ |
|---|---|---|---|---|
| పైథాన్ కాని లైబ్రరీలు | వీల్‌లో ఇమిడినవే | అన్నీ తనే తెస్తుంది | ఇమేజ్‌లోనే ఉంటాయి | మీరే సమకూర్చుకోవాలి |
| అడ్మిన్ హక్కులు | అక్కర్లేదు | అక్కర్లేదు | డాకర్‌కి మామూలుగా కావాలి, యాప్‌టైనర్ (క్లస్టర్లలో డాకర్ బదులు వాడేది) నడపడానికి అక్కర్లేదు | కంపైలర్ ఉంటే అక్కర్లేదు |
| క్లస్టర్ ఎంపీఐతో పొత్తు | ఎంపీఐ4పై (పైథాన్ నుంచి ఎంపీఐ వాడే ప్యాకేజీ) సరిగ్గా కట్టుకుంటే బాగుంటుంది | సొంత ఎంపీఐ తెస్తుంది, జాగ్రత్త | లోపలిదీ బయటిదీ పొసగాలి | అన్నిటికన్నా మెరుగు |
| డిస్క్ | తక్కువ | తరచుగా జీబీల్లో | తరచుగా జీబీల్లో | బిల్డ్ ఫైళ్లతో పెరుగుతుంది |
| అదే సెటప్ మళ్లీ | లాక్ ఫైలు (కచ్చితమైన వెర్షన్ల జాబితా) ఉంటే వీలు | లాక్ ఫైలు ఉంటే వీలు | సులువు | కష్టం |

## పిప్, వెన్వ్, యూవీ

మీ ప్యాకేజీ మొదటి రెండు రకాల్లోది అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు. పైథాన్ 3.3 నుంచీ వెన్వ్ (ఎన్విరాన్‌మెంట్ కట్టే పనిముట్టు) పైథాన్‌తోనే వస్తోంది. ఒక ప్రాజెక్టుకి ఒక వెన్వ్, అందులో పిప్. 2024లో వచ్చిన యూవీ ఇదే పని చాలా వేగంగా చేస్తుంది, లాక్ ఫైలు కూడా తనే రాస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా యూవీతో మొదలుపెట్టినా నష్టం లేదు.

సిస్టమ్ పైథాన్‌లోకి నేరుగా పిప్ కొడితే డెబియన్ 12, కొత్త ఉబుంటులు ఒప్పుకోవు, ఇది బయటి మేనేజర్ చేతిలో ఉన్న ఎన్విరాన్‌మెంట్ అని చెప్పి ఆపేస్తాయి. ఆ ఎర్రర్‌ని దాటించే ఫ్లాగ్ ఒకటుంది. దాని పేరులోనే "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అని ఉంది. అంత స్పష్టంగా హెచ్చరించాక కూడా వాడేవాళ్లకి నేను చెప్పగలిగేది లేదు.

పిప్‌తో వచ్చే అసలు చిక్కు వీల్ దొరకనప్పుడు. మీ పైథాన్ వెర్షన్‌కో, మీ మెషిన్‌లోని జీలిబ్‌సీ (లైనక్స్ మూల సి లైబ్రరీ) వెర్షన్‌కో సరిపడే వీల్ లేకపోతే పిప్ చడీచప్పుడు లేకుండా సోర్స్ తెచ్చుకుని కంపైల్ మొదలుపెడుతుంది. తెరమీద "బిల్డింగ్ వీల్" అన్న లైను కనబడి చాలాసేపు కదలకపోతే జరుగుతున్నది అదే. కొన్ని నిమిషాల తర్వాత వందల లైన్ల కంపైలర్ ఎర్రర్ వస్తుంది. సెంట్ఓఎస్ 7 లాంటి పాత క్లస్టర్లలో జీలిబ్‌సీ 2.17 దగ్గరే ఆగిపోయింది కాబట్టి అక్కడ ఇది మామూలే. "ఓన్లీ బైనరీ" ఆప్షన్ పెడితే వీల్ లేదన్న సంగతి పిప్ వెంటనే చెప్పేస్తుంది, టైం వృథా కాదు.

దీనికి సంబంధించిందే ఇంకో మాట. ఆ వారమే విడుదలైన పైథాన్ వాడకండి, ఒక మెట్టు కిందిది వాడండి. పైథాన్ 3.12లో డిస్ట్‌యూటిల్స్ (ప్యాకేజీలు కట్టే పాత మాడ్యూల్) తీసేశారు. దానిమీద ఆధారపడ్డ పాత ప్యాకేజీల బిల్డ్ స్క్రిప్టులు అక్కడ మొదటి లైనులోనే కూలిపోవచ్చు. 2024 జూన్‌లో వచ్చిన నంపై (అంకెల లెక్కల లైబ్రరీ) 2.0 ఇంకో దెబ్బ కొట్టింది. నంపై 1 సిరీస్‌తో కంపైల్ చేసిన మాడ్యూళ్లు దానితో నడవవు. ఆ సంగతి ఎర్రర్‌లోనే స్పష్టంగా రాసి ఉంటుంది కాబట్టి భయపడక్కర్లేదు. నంపై వెర్షన్‌ని 2 కన్నా కిందకి పిన్ చేయండి (అంతకు మించకుండా కట్టేయండి), లేదా ఆ ప్యాకేజీ కొత్త వెర్షన్ తీసుకోండి.

## కొండా-ఫోర్జ్

ఇది కొండాకి ప్యాకేజీలు అందించే చానెల్. మూడో రకం ప్యాకేజీలకి నా మొదటి ఓటు దీనికే. ఫీనిక్స్‌ఎక్స్, మీప్ (కాంతి తరంగాలకి), ఓపెన్‌ఎంఎం (అణువుల కదలికలకి) మూడూ కొండా-ఫోర్జ్‌లో ఉన్నాయి. ఒక్క కమాండ్‌తో కంపైలర్ రన్‌టైమ్, ఎంపీఐ, హెచ్‌డీఎఫ్5, బ్లాస్ (మాట్రిక్స్ లెక్కల లైబ్రరీ) అన్నీ ఒకే చోట బిల్డ్ అయినవి దిగుతాయి. పిప్ ఈ పని చేయలేదు, ఎందుకంటే వీల్ అన్నది ఒక ప్యాకేజీ తన లైబ్రరీలు తను మోసుకొచ్చే పద్ధతి. ఒకే పెట్సీని నాలుగు ప్యాకేజీలు పంచుకోవాలంటే అక్కడ కుదరదు.

అనకొండ పూర్తి ఇన్‌స్టాలర్ దింపుకోకండి, మినీఫోర్జ్ చాలు. అది మొదటి నుంచీ కొండా-ఫోర్జ్ చానెల్‌నే చూస్తుంది. అనకొండ డిఫాల్ట్ చానెల్‌కి పెద్ద సంస్థల విషయంలో లైసెన్సు షరతులున్నాయి, మీ సంస్థ వాటిలోకి వస్తుందో రాదో చూసుకునే తలనొప్పి కూడా తప్పుతుంది. పొసిగే వెర్షన్లు వెతికే కొండా సాల్వర్ గంటలు తిరుగుతుందన్న ఫిర్యాదు పాతది. 2023 చివర్లో వచ్చిన కొండా 23.10 నుంచి లిబ్‌మాంబా సాల్వరే డిఫాల్ట్. ఇంకా నెమ్మదిగా ఉంటే మీ కొండా పాతదని అర్థం.

ఇక్కడ మూడు ఇబ్బందులు తరచుగా వస్తాయి.

మొదటిది, కొండా ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ కొట్టడం. పిప్ నంపైని మార్చేస్తే కొండా ఆ సంగతి లెక్కలోకి తీసుకోదు, తర్వాత ఇంకేదో కొండాతో వేసినప్పుడు రెండూ ఒకదాని ఫైళ్లమీద ఇంకొకటి పడతాయి. పిప్ తప్పనిసరి అయితే కొండాతో వేయాల్సినవన్నీ ముందు వేసేసి, పిప్ చివర్లో ఒక్కసారి వాడండి. ఆ తర్వాత మార్పు చేయాల్సి వస్తే ఎన్విరాన్‌మెంట్ తీసేసి కొత్తగా కట్టుకోవడమే శ్రేయస్కరం.

రెండోది జీపీయూ. మెషిన్‌లో ఎన్‌విడియా డ్రైవర్ ఉందా అని చూసి కొండా కుడా (ఎన్‌విడియా జీపీయూల మీద లెక్కలు నడిపే వేదిక) బిల్డ్ ఎంచుకుంటుంది. క్లస్టర్‌లో మీరు కూర్చునేది లాగిన్ నోడ్, అక్కడ జీపీయూ ఉండదు. కాబట్టి సీపీయూ బిల్డ్ దిగుతుంది, ఎర్రర్ ఏమీ రాదు. జాబ్ వేశాక జీపీయూ ఖాళీగా కూర్చుని ఉంటుంది. దీనికి కొండా ఓవర్‌రైడ్ కుడా అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, లేదా జీపీయూ నోడ్‌లోకి వెళ్లి అక్కడ ఇన్‌స్టాల్ చేయండి. అన్నట్టు, ఎన్‌విడియా ఎస్‌ఎంఐ (జీపీయూ స్థితి చూపే కమాండ్) పైన చూపించే కుడా నంబరు ఆ డ్రైవర్ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పేది. మెషిన్‌లో ఉన్న టూల్‌కిట్ వెర్షన్ అదే అనుకుని చాలామంది పొరబడతారు.

మూడోది ఎంపీఐ, ఇదే అన్నిటికన్నా దొంగది. కొండా తన సొంత ఎంపీఐ తెచ్చుకుంటుంది, క్లస్టర్‌లో ఇంకోటి ఉంటుంది. మీరు క్లస్టర్ ఎంపీఐరన్‌తో నాలుగు ప్రాసెస్‌లు వేస్తారు, ప్రోగ్రాం కొండా ఎంపీఐతో లింక్ అయి ఉంటుంది. అప్పుడు నాలుగు ప్రాసెస్‌లూ ఒకదానినొకటి చూసుకోవు. ర్యాంక్ (ప్రాసెస్ నంబరు), సైజు (మొత్తం ప్రాసెస్‌లు) ప్రింట్ చేయిస్తే "ర్యాంక్ 0, సైజు 1" అని నాలుగుసార్లు వస్తుంది. అంటే ఒకే సిమ్యులేషన్‌ని నాలుగుసార్లు పక్కపక్కన నడిపి, నాలుగూ ఒకే అవుట్‌పుట్ ఫైలు మీద రాస్తున్నారన్నమాట. ఎర్రర్ రాకపోవడమే దీనిలోని ప్రమాదం. ఎంపీఐ వాడే ఏ ప్యాకేజీ వేసినా ఆ ర్యాంక్ ప్రింట్ చేసే మూడు లైన్ల స్క్రిప్టు ముందు నడపండి.

## డాకర్, యాప్‌టైనర్

ఇంకొకరి చేతికి ఇవ్వాలన్నా, రెండేళ్ల తర్వాత మళ్లీ నడపాలన్నా దీన్ని మించింది లేదు. ఫీనిక్స్‌ఎక్స్ బృందమే డాకర్ ఇమేజ్‌లు విడుదల చేస్తుంది. దింపుకోవడానికి టైం పడుతుంది గానీ, దిగాక పరీక్షించిన కూర్పు మీ దగ్గరుంటుంది. ట్యాగ్ మాత్రం "లేటెస్ట్" అని వదిలేయకండి. వెర్షన్ నంబరు గానీ, డైజెస్ట్ (ఆ ఇమేజ్‌ని కచ్చితంగా గుర్తించే కోడ్) గానీ రాసుకోకపోతే కంటైనర్ వాడిన ఫలితమే ఉండదు.

క్లస్టర్లలో డాకర్ బదులు యాప్‌టైనర్ వాడతారు. ఒకప్పుడు దాని పేరు సింగ్యులారిటీ. 2021లో లైనక్స్ ఫౌండేషన్ కిందికి వెళ్తూ పేరు మార్చుకుంది, పాత ట్యుటోరియల్స్‌లో పాత పేరే కనబడుతుంది. డాకర్ ఇమేజ్‌నే ఒక్క ఫైలుగా మార్చి నడిపిస్తుంది. ఒకే నోడ్‌లో నడిపినంత కాలం హాయి. చాలా నోడ్‌ల మీదకి వెళ్తే ఎంపీఐ సమస్య మళ్లీ ఎదురవుతుంది, లోపలి ఎంపీఐ బయటి దానితో పొసగాలి.

రోజూ కోడ్ మారుస్తూ, గ్రాఫ్ చూస్తూ, మళ్లీ మారుస్తూ పనిచేసేవాళ్లకి కంటైనర్ విసుగు తెప్పిస్తుంది. ఫోల్డర్లు మౌంట్ చేయాలి, రాసిన ఫైళ్లు రూట్ పేరుమీద పడతాయి, విండో తెరిచి బొమ్మ చూపించాలంటే అదో ప్రయాస. పని పూర్తయ్యాక దాన్ని భద్రపరచడానికి కంటైనర్ వాడటం నాకు నచ్చిన పద్ధతి.

## సోర్స్ నుంచి

రెండు కారణాలుంటేనే ఇటు రండి. కోడ్ మార్చాలి, లేదా క్లస్టర్ ఇచ్చిన కంపైలర్, ఎంపీఐలతోనే కట్టి వేగం పిండుకోవాలి. "సోర్స్ నుంచి కడితే మంచిది" అన్న వట్టి నమ్మకంతో రావద్దు.

కోడ్ మార్చేవాళ్లకి ఎడిటబుల్ ఇన్‌స్టాల్ వీలుగా ఉంటుంది. పైథాన్ ఫైలులో మార్పు చేస్తే వెంటనే అమల్లోకి వస్తుంది, సి భాగం మారిస్తే మళ్లీ బిల్డ్ అవ్వాలి. కంపైలర్, సీమేక్ (బిల్డ్ నడిపే పనిముట్టు), లైబ్రరీలని కొండా-ఫోర్జ్ నుంచి తెచ్చుకుని, ప్యాకేజీని మాత్రం సోర్స్ నుంచి కట్టడం మధ్యే మార్గం. ఆ పద్ధతిలో "నో బిల్డ్ ఐసోలేషన్" ఆప్షన్ చాలాసార్లు అవసరమవుతుంది. లేకపోతే పిప్ బిల్డ్ కోసం వేరే తాత్కాలిక ఎన్విరాన్‌మెంట్ సృష్టించుకుంటుంది, పైథాన్ వైపు మీరు సిద్ధం చేసినవి దాని కంటపడవు.

ఆప్ట్‌తో వేసే సిస్టమ్ ప్యాకేజీల గురించి ఒక్క ముక్క. డెబియన్, ఉబుంటుల్లో సైంటిఫిక్ ప్యాకేజీలు చాలానే ఉన్నాయి, ఒకదానితో ఒకటి బాగానే పొసుగుతాయి. కానీ వెర్షన్ పాతదై ఉంటుంది, పాఠం చెప్పడానికి సరిపోతుంది.

## పడిందా, నిజంగా పడిందా?

ఇంపోర్ట్ అయితే ఫైళ్లు దొరికాయని మాత్రమే తెలుస్తుంది. ఆ ఇంపోర్ట్ ఎక్కడి నుంచి జరిగిందో చూడటం అంతకన్నా ముఖ్యం. ప్యాకేజీ ఫైలు పాత్ ప్రింట్ చేయించండి. అది మీ ఎన్విరాన్‌మెంట్ లోపలిదై ఉండాలి. హోమ్ ఫోల్డర్‌లోని డాట్ లోకల్ కింద ఎప్పుడో వేసిన పాత కాపీ, లేదా పైథాన్‌పాత్‌లో (పైథాన్ వెతికే చోట్ల జాబితా) మరిచిపోయిన ఎంట్రీ ముందుకొచ్చి కూర్చోవడం మామూలే. సోర్స్ ఫోల్డర్ లోపల నిలబడి టెస్టులు నడిపితే ఇన్‌స్టాల్ చేసిన దాని బదులు ఆ ఫోల్డర్లోని కోడే ఇంపోర్ట్ కావచ్చు. నంపై అయితే నా సోర్స్ ఫోల్డర్‌లోంచి బయటికి వెళ్లమని చెబుతుంది. అంత మర్యాద అన్ని ప్యాకేజీలకీ ఉండదు.

తర్వాత పిప్ చెక్ నడపండి, పొసగని వెర్షన్లు ఉంటే చెబుతుంది. ఆపైన ప్యాకేజీ సొంత టెస్టులు. వీటిలో చాలా తేడా ఉంది:

| ప్యాకేజీ | పరీక్షించే తీరు | గమనించాల్సింది |
|---|---|---|
| ఓపెన్‌ఎంఎం | టెస్ట్ ఇన్‌స్టలేషన్ అనే మాడ్యూల్ | ప్లాట్‌ఫామ్‌ల మధ్య బలాల తేడా |
| జీపీఏడబ్ల్యూ (ఎలక్ట్రాన్ల లెక్కలకి) | ఇన్ఫో, టెస్ట్ అనే సబ్‌కమాండ్లు | పీఏడబ్ల్యూ డేటా ఫైళ్లు విడిగా దింపాలి |
| క్యూటిప్ | అబౌట్ ఫంక్షన్, తర్వాత పైటెస్ట్ (టెస్టులు నడిపే పనిముట్టు) | ఏ వెర్షన్లు, ఏ ఐచ్ఛిక ప్యాకేజీలు ఉన్నాయి |
| బ్రయాన్2 (న్యూరాన్ల సిమ్యులేషన్‌కి) | తనలోని టెస్ట్ ఫంక్షన్ | సి ప్లస్ ప్లస్ కంపైలర్ దొరికిందా |

ఓపెన్‌ఎంఎం పద్ధతి నాకు ముచ్చటగా అనిపిస్తుంది. రిఫరెన్స్, సీపీయూ, కుడా, ఓపెన్‌సీఎల్ అని అందుబాటులో ఉన్న ప్లాట్‌ఫామ్‌లన్నిటి మీదా ఒకే వ్యవస్థలోని బలాలు లెక్కగట్టి, జంటలుగా పోల్చి, మధ్యస్థ తేడా ఎంతో చూపిస్తుంది. కుడా పేరే జాబితాలో లేకపోతే జీపీయూ పట్టుబడలేదని అక్కడే తెలిసిపోతుంది.

బ్రయాన్2 ఇంకో పాఠం నేర్పుతుంది. కంపైలర్ లేకపోయినా అది ఆగదు, ఒక హెచ్చరిక ఇచ్చి నంపై కోడ్‌కి మారిపోతుంది. జవాబు సరైనదే వస్తుంది, వేగం మాత్రం పోతుంది. ఆ హెచ్చరిక చదవనివాళ్లు ప్యాకేజీయే నెమ్మది అని తీర్మానించేస్తారు.

పైటెస్ట్ చివరి లైనులో పాస్‌ల సంఖ్యతో పాటు స్కిప్‌లనీ చూడండి. ఎంపీఐ టెస్టులన్నీ స్కిప్ అయ్యి మిగతావి పచ్చగా ఉంటే, మీకు కావలసిన భాగాన్ని ఎవరూ పరీక్షించలేదని అర్థం. వేల టెస్టుల్లో రెండు మూడు ఫెయిల్ అయితే ఎర్రర్ చదవండి. తేడా పదో దశాంశ స్థానంలో ఉంటే అది బ్లాస్ మారడం వల్ల, కూడిక వరస మారడం వల్ల వచ్చి ఉండొచ్చు. మొదటి రెండు అంకెల్లోనే తేడా ఉంటే ఆ ఎన్విరాన్‌మెంట్‌తో ముందుకి వెళ్లకండి.

ఇక అసలు పరీక్ష, జవాబు తెలిసిన లెక్క. మీ రంగానికి దగ్గరగా ఒకటి ఎంచుకోండి.

క్యూటిప్‌లో రెండు స్థాయిల వ్యవస్థని రెజొనెన్స్‌లో నడిపించండి. రాబి ఫ్రీక్వెన్సీ ఒమెగా అయితే, π ని ఒమెగాతో భాగించినంత సమయానికి జనాభా మొత్తం పై స్థాయికి చేరాలి. ఆ సమయానికి జనాభా తిరిగి కింది స్థాయిలోనే కనబడితే ఇన్‌స్టలేషన్‌ని తిట్టే ముందు హామిల్టోనియన్‌లో ఒమెగాని రెండుతో భాగించారో లేదో చూసుకోండి.

ఫీనిక్స్‌ఎక్స్‌లో యూనిట్ చతురస్రం మీద పాయిజన్ సమీకరణం. పరిష్కారం 1 కూడిక ఎక్స్ వర్గం కూడిక రెండు వై వర్గం అని మనమే పెట్టుకుంటే, కుడివైపు మైనస్ 6 వస్తుంది. ఏకరీతి మెష్ మీద లీనియర్ ఎలిమెంట్లతో నోడ్‌ల దగ్గర విలువలు దాదాపు మెషిన్ ప్రెసిషన్ దాకా కలుస్తాయి. ఇది పాసైతే అసెంబ్లీ, సాల్వర్, సరిహద్దు నియమాలు మూడూ ఒక్క దెబ్బతో తేలిపోతాయి.

అణువుల కదలికల సిమ్యులేషన్ అయితే రెండు మెషిన్ల ట్రాజెక్టరీలు కలవాలని ఆశించొద్దు. ఆ వ్యవస్థ కల్లోల స్వభావం కలది, చిన్న రౌండింగ్ తేడా కూడా కాసేపట్లో వేరే దారి పట్టిస్తుంది. మొత్తం శక్తి చూడండి. వెర్లే లాంటి రెండో ఆర్డర్ పద్ధతిలో టైమ్ స్టెప్ సగం చేస్తే శక్తి హెచ్చుతగ్గులు దాదాపు నాలుగో వంతుకి తగ్గాలి. తగ్గకపోతే ఏదో తేడా ఉంది.

పోల్చేటప్పుడు సమానం గుర్తు వాడకండి. పైటెస్ట్‌లోని అప్రాక్స్ సాపేక్షంగా పది లక్షల్లో ఒక వంతు తేడాని సహిస్తుంది, నంపై టెస్టింగ్‌లోని అసర్ట్ ఆల్‌క్లోజ్ ఫంక్షన్ డిఫాల్ట్‌గా అంతకన్నా పది రెట్లు కఠినం. మీ పద్ధతి తాలూకు కచ్చితత్వం ఎంతో దాన్నిబట్టి మీరే పెట్టుకోండి.

వేగం కూడా ఒకసారి కొలవండి. ఎంపీఐ ప్రాసెస్‌లు ఎన్ని కోర్లుంటే అన్ని వేసి, ఒక్కో ప్రాసెస్‌లోనూ బ్లాస్ మళ్లీ అన్ని థ్రెడ్లు తెరిస్తే మెషిన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఓఎంపీ నమ్ థ్రెడ్స్ వేరియబుల్‌ని 1 చేసి మళ్లీ నడిపి చూడండి. కొన్నిసార్లు తేడా చూస్తే నవ్వొస్తుంది.

## ఎవరికి ఏది

కోర్సు కోసం నేర్చుకుంటున్నవాళ్లు: వీల్ ఉంటే యూవీ, లేకపోతే మినీఫోర్జ్. సోర్స్ వైపు చూడకండి.

విండోస్ వాడేవాళ్లు: ప్యాకేజీకి ఎంపీఐ కావాలంటే డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపల నడిచే లైనక్స్) వేసుకుని అందులో మినీఫోర్జ్. నేరుగా విండోస్‌లో కుస్తీ పట్టే సమయంలో ఇది రెండుసార్లు పూర్తవుతుంది.

ఒకే వర్క్‌స్టేషన్, ఒక జీపీయూ: కొండా-ఫోర్జ్. ఓపెన్‌ఎంఎం లాంటి వాటికి ఇప్పుడు పిప్ వీల్స్ కూడా ఉన్నాయి, ఎన్విరాన్‌మెంట్‌లో మిగతావన్నీ పిప్‌వే అయితే అదే వాడండి.

క్లస్టర్‌లో చాలా నోడ్‌లు: ముందు మాడ్యూల్ అవైల్ (క్లస్టర్‌లో సిద్ధంగా ఉన్నవి చూపే కమాండ్) కొట్టి చూడండి, అడ్మిన్‌లు ఆ ప్యాకేజీని అప్పటికే కట్టి పెట్టి ఉండొచ్చు. లేకపోతే క్లస్టర్ ఎంపీఐతో ఎంపీఐ4పైని, ప్యాకేజీని సోర్స్ నుంచి కట్టండి. అంత ఓపిక లేకపోతే యాప్‌టైనర్, ర్యాంక్ పరీక్ష తర్వాతే.

బృందంగా పనిచేసేవాళ్లు: పనికి కొండా-ఫోర్జ్, కొండా-లాక్ లేదా పిక్సీతో లాక్ ఫైలు. పేపర్ పంపే రోజున కంటైనర్ ఒకటి కట్టి దాచండి. లాక్ ఫైలు, జవాబు తెలిసిన ఆ లెక్క స్క్రిప్టు రెండూ కోడ్ రిపాజిటరీలోనే ఉండాలి.

వెర్షన్ పెంచాలనిపించినప్పుడు ఉన్న ఎన్విరాన్‌మెంట్‌ని అప్‌డేట్ చేయకండి. పక్కన కొత్తది కట్టి, అదే స్క్రిప్టు నడిపి, అంకెలు కలిశాకే పాతది తీసేయండి.